నాడీ సంబంధ వైకల్యాలున్న పిల్లల నిద్ర: మందు చేయగలిగేది, చేయలేనిది

నాడీ సంబంధ వైకల్యంతో పెరుగుతున్న పిల్లల ఇళ్లలో నిద్రలేమి ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే ఇబ్బంది కాదు. మామూలుగా ఎదిగే పిల్లల్లో దాదాపు నాలుగోవంతు మందికి ఏదో ఒక దశలో నిద్ర సమస్య ఎదురవుతుందని అంచనా. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది 50 నుంచి 80 శాతం వరకు ఉంటుందని అనేక అధ్యయనాలు చెబుతున్నాయి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు అదుపు తప్పే స్థితి), మూర్ఛవ్యాధి, రెట్ సిండ్రోమ్, ఏంజెల్‌మన్ సిండ్రోమ్ వంటి అరుదైన జన్యు రుగ్మతల్లోనూ నిద్ర దెబ్బతినడం సర్వసాధారణం. అర్ధరాత్రి దాటినా కన్ను మూయని పిల్ల తల్లిదండ్రులూ, రెండింటికి లేచి మళ్లీ పడుకోని పిల్లవాడి తల్లిదండ్రులూ వైద్యుణ్ణి అడిగే ప్రశ్న ఒక్కటే: నిద్రకు ఏదైనా మందు ఉందా? మందులు ఉన్నాయి, వాటిలో కొన్ని పనిచేస్తాయి కూడా. అయితే ఏ మందు ఇవ్వాలన్న దానికంటే ముందు ఆ పిల్ల ఎందుకు మేలుకుంటోందన్నది తేలాలి, ఎందుకంటే ఒక రకం మెలకువకు పనికివచ్చే మందు మరో రకం మెలకువలో వృథా కావచ్చు, ఇంకో రకంలో ప్రమాదకరమూ కావచ్చు.

సెరిబ్రల్ పాల్సీ వల్ల కాళ్ల కండరాలు బిగుసుకుపోయిన ఒక పిల్లను ఉదాహరణగా తీసుకుంటే విషయం స్పష్టమవుతుంది. మామూలు పిల్లలు రాత్రంతా తమకు తెలియకుండానే అటూ ఇటూ దొర్లుతుంటారు. ఈ పిల్లకు తనంతట తాను పక్కకు తిరిగే వీలు లేదు. గంటల తరబడి ఒకే వైపు ఉండిపోయేసరికి తుంటి నొప్పి మొదలవుతుంది. నొప్పితో కండరాలు మరింత బిగుస్తాయి, ఆ బిగుతుతో నొప్పి ఇంకా పెరుగుతుంది, చివరికి పిల్ల ఏడుస్తూ లేస్తుంది. మాటలు రాని పిల్ల కాబట్టి ఆ ఏడుపు ఆసుపత్రి కాగితంలో నిద్రలేమిగా నమోదవుతుంది. తుంటి కీలు జారిందేమో చూడటం, పడుకునే భంగిమను దిండ్లతోనో ప్రత్యేక పరుపుతోనో సరిచేయడం, రాత్రి మోతాదుగా బాక్లోఫెన్ వంటి బిగుతు తగ్గించే మందు ఇవ్వడం ఈ పిల్లకు అసలైన నిద్ర చికిత్స. ఇవేవీ చేయకుండా మత్తు కలిగించే మందు ఇస్తే నొప్పి అలాగే ఉంటుంది, దాన్ని చెప్పుకునే ఒక్క దారీ మూసుకుపోతుంది. ఆహారం అన్నవాహికలోకి ఎగదన్నడం, మలబద్ధకం, పంటినొప్పి, చెవిపోటు కూడా ఇదే కోవలోకి వస్తాయి. మాట రాని పిల్లల్లో ఇవన్నీ మొదట రాత్రిపూట ఏడుపుగానే బయటపడతాయి.

శ్వాస సంగతి ఇంకా ముఖ్యం. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో నాలుక, టాన్సిళ్లు, చిన్న గాలిమార్గం, సడలిన కండరాలు కలిసి నిద్రలో ఊపిరి అడ్డుకునే స్థితిని తరచుగా కలిగిస్తాయి. అందుకే లక్షణాలు ఉన్నా లేకపోయినా నాలుగేళ్లలోపు వీరికి నిద్ర పరీక్ష చేయించాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచిస్తుంది. గురక, నిద్రలో చెమటలు పట్టడం, మెడ వెనక్కి వాల్చి పడుకోవడం, పగటిపూట చిరాకు ఉన్న పిల్లకు ఈ పరీక్ష లేకుండా నిద్రమందు రాయడం తొందరపాటే అవుతుంది. ఊపిరి ఆడనప్పుడు మెదడు పిల్లను లేపడం ఒక రక్షణ. మత్తుమందు సరిగ్గా ఆ రక్షణనే మొద్దుబారుస్తుంది.

మూర్ఛ ఉన్న పిల్లల్లో రాత్రి మెలకువ నిజానికి ఒక చిన్న మూర్ఛ కావచ్చు. అలాంటప్పుడు సరిచేయవలసింది మూర్ఛ మందుల మోతాదును. పిల్ల ఇప్పటికే వాడుతున్న మందుల జాబితాను కూడా ఒకసారి తిరగేయాలి. మిథైల్‌ఫెనిడేట్ వంటి ఉత్తేజక మందులు, స్టెరాయిడ్లు, కొందరు పిల్లల్లో లామోట్రిజిన్ వంటి మూర్ఛ మందులు నిద్రను చెడగొడతాయి. ఒక మందు వేళను సాయంత్రం నుంచి ఉదయానికి మార్చడంతో సమస్య తీరిపోయే సందర్భాలు ఉన్నాయి. ఇనుము లోపాన్ని కూడా చాలామంది పట్టించుకోరు. రాత్రిపూట కాళ్లు నిలకడగా ఉండనివ్వని రుగ్మతలో శరీరంలోని ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ రక్తంలో మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల లోపు ఉంటే ఇనుము ఇచ్చి చూడాలని 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రయోగశాల నివేదికలో ఆ అంకె తరచుగా మామూలు పరిధిలోనే కనిపిస్తుంది కనుక ఎవరి కంటా పడదు. తిండి విషయంలో బాగా పేచీ పెట్టే ఆటిజం పిల్లల్లో ఈ ఒక్క రక్తపరీక్ష చేయించడం తప్పకుండా అక్కరకొస్తుంది.

ఈ కారణాలన్నీ వెదికాక, పడకవేళ క్రమాన్ని సరిదిద్దాక కూడా నిద్ర కుదరకపోతే మొదట వినిపించే పేరు మెలటోనిన్. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ బృందం పశువుల మెదడులోని పీనియల్ గ్రంథుల నుంచి దీన్ని వేరుచేసింది. ఆయన చర్మవైద్యుడు, వెదుకుతున్నది చర్మపు రంగును మార్చే పదార్థం కోసం. చీకటి పడ్డాక పీనియల్ గ్రంథి దీన్ని స్రవిస్తుంది, కంటిలో వెలుతురు పడితే ఆగుతుంది. ఇది మెదడును బలవంతంగా మత్తులో ముంచే పదార్థం కాదు, రాత్రి అయిందని శరీరానికి తెలిపే సంకేతం. అందుకే లోపలి గడియారం ఆలస్యంగా నడిచే పిల్లల్లోనూ, వెలుతురు ఆనవాలు అందని అంధులైన పిల్లల్లోనూ దీనికి తర్కబద్ధమైన చోటు ఉంది.

దీని బలమెంతో చెప్పడానికి ఎక్కువగా ఆధారపడే పరిశోధన బ్రిటన్‌లో జరిగి 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. నాడీ వికాస లోపాలున్న, 3 నుంచి 15 ఏళ్ల వయసు గల 146 మంది పిల్లలకు పన్నెండు వారాల పాటు మెలటోనిన్‌గానీ మందు లేని ఉత్తుత్తి గుళికగానీ ఇచ్చారు. మోతాదు 0.5 మిల్లీగ్రాముల దగ్గర మొదలై అవసరాన్ని బట్టి 12 వరకు వెళ్లింది. తల్లిదండ్రులు రాసిన డైరీల ప్రకారం మెలటోనిన్ తీసుకున్నవారు ఉత్తుత్తి గుళిక తీసుకున్నవారి కంటే సుమారు 37 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. చేతికి కట్టే కదలికల యంత్రం ప్రకారం ఆ తేడా 45 నిమిషాలు. ఇక్కడిదాకా బాగుంది. కానీ మొత్తం నిద్ర డైరీ లెక్కలో 22 నిమిషాలే పెరిగింది, యంత్రం లెక్కలో అయితే 13 నిమిషాలే. కారణం ఏమిటంటే ఆ పిల్లలు ఉదయం దాదాపు అరగంట ముందుగా లేచారు. అంటే రాత్రి పెద్దగా పొడుగు కాలేదు, ముందుకు జరిగింది. పదకొండు దాకా పడుకోని పిల్ల పదింటికే పడుకుంటే ఇంటికి ఒక సాయంత్రం దొరుకుతుంది, అది తక్కువ విషయం కాదు. తెల్లవారుజామున నాలుగింటికే లేచే పిల్లకు ఇదే మందు ఇచ్చి ఉపశమనం ఆశిస్తే మాత్రం పరిస్థితి ఇంకాస్త చెడవచ్చు. ఏ పిల్లకు ఏ సమస్య ఉందో విడదీయకుండా రాసిన మెలటోనిన్ చీటీలు ఎన్నో ఈ ఒక్క కారణం చేతనే విఫలమవుతుంటాయి.

మెలటోనిన్ రక్తంలో సగానికి తగ్గడానికి గంట కంటే తక్కువ సమయమే పడుతుంది కాబట్టి రాత్రి మధ్యలో వచ్చే మెలకువ మీద మామూలు మాత్ర ప్రభావం అంతంత మాత్రమే. దీనికి సమాధానంగా నెమ్మదిగా కరిగే చిన్న మాత్రలు వచ్చాయి. ఆటిజం లేదా స్మిత్-మెజెనిస్ సిండ్రోమ్ అనే అరుదైన జన్యు రుగ్మత ఉన్న 125 మంది పిల్లల మీద జరిగి 2017లో ప్రచురితమైన పరిశోధనలో, పదమూడు వారాల తర్వాత ఈ మాత్ర వాడినవారి నిద్ర సగటున 57 నిమిషాలు పెరిగింది, ఉత్తుత్తి మాత్ర వాడినవారికి 9 నిమిషాలు పెరిగింది. తయారీ సంస్థ ఖర్చుతో జరిగిన పరిశోధన ఇదని గుర్తుంచుకోవాలి, అయినా పన్నెండు వారాల బ్రిటిష్ పరిశోధనతో పోలిస్తే తేడా గమనించదగ్గదే. 2018లో యూరప్‌లో స్లెనిటో అనే పేరుతో ఈ మాత్రకు 2 నుంచి 18 ఏళ్ల వారికి అనుమతి లభించింది. మాత్ర వ్యాసం మూడు మిల్లీమీటర్లే. మింగలేని పిల్లలకు పెరుగులోనో ఐస్‌క్రీములోనో వేసి వెంటనే తినిపించవచ్చు గానీ నూరకూడదు, నమలనివ్వకూడదు. నూరితే నెమ్మదిగా కరిగే గుణం పోయి అది మామూలు మెలటోనిన్ అయిపోతుంది.

మెలటోనిన్ విషయంలో ఎక్కువ మోతాదు ఎక్కువ మేలు చేస్తుందన్నది నిలిచే నమ్మకం కాదు. కాలేయంలో దీన్ని విరిచే ఎంజైమ్ కొందరు పిల్లల్లో మందకొడిగా పనిచేస్తుంది. వారిలో మందు మొదటి కొన్ని వారాలు అద్భుతంగా పనిచేసి ఆ తర్వాత ఫలించదు. రోజురోజుకూ మిగిలిపోయిన మెలటోనిన్ పగలంతా శరీరంలో ఉండిపోవడంతో రాత్రికీ పగటికీ తేడా చెరిగిపోవడమే దీనికి కారణమని భావిస్తారు. మందు పనిచేయడం మానేసిందని మోతాదు పెంచితే ఇది మరింత ముదురుతుంది. కొన్నాళ్లు ఆపి, చాలా తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టడం అప్పుడు సరైన దారి. కుంగుబాటుకు వాడే ఫ్లూవోక్సమీన్ ఈ ఎంజైమ్‌ను అడ్డుకుని మెలటోనిన్ స్థాయిని బాగా పెంచుతుంది, మూర్ఛకు వాడే కార్బమజెపీన్ దాన్ని తగ్గిస్తుంది. మెలటోనిన్ మూర్ఛలను పెంచుతుందన్న భయం 1998లో లాన్సెట్‌లో వచ్చిన ఒక చిన్న నివేదికతో మొదలైంది. అందులో ఉన్నది ఆరుగురు పిల్లలు. తర్వాతి పెద్ద పరిశోధనల్లో ఆ భయం రుజువు కాలేదు. అయినా మూర్ఛలు అదుపులో లేని పిల్లకు కొత్తగా మొదలుపెట్టినప్పుడు మూర్ఛల లెక్క రాసిపెట్టుకోవడం మంచిది.

ఇక మందు నాణ్యత. కొన్ని దేశాల్లో మెలటోనిన్ వైద్యుని చీటీ మీదే దొరుకుతుంది. అమెరికా వంటి చోట్ల ఆహార పూరకంగా ఎవరైనా కొనుక్కోవచ్చు. అక్కడ అమ్ముడయ్యే 25 రకాల మెలటోనిన్ చప్పరింపు బిళ్లలను పరీక్షించగా 22 రకాల్లో లేబుల్ మీది అంకెకూ లోపలి మందుకూ పొంతన లేదని 2023లో ఆ దేశ వైద్య సంఘం పత్రిక వెల్లడించింది. ఒకదానిలో అసలు మెలటోనినే లేదు, మరొకదానిలో చెప్పిన దానికి మూడున్నర రెట్లు ఉంది. మోతాదును అర మిల్లీగ్రాము తేడాతో సరిచూసుకోవలసిన పిల్లకు ఇలాంటి బిళ్లతో చికిత్స నడపడం అయ్యే పని కాదు. మిఠాయిలా కనిపించే బిళ్లలను తోబుట్టువులు నోట్లో వేసుకునే ప్రమాదమూ ఉంది. అమెరికాలో పిల్లలు పొరపాటున మెలటోనిన్ మింగిన ఘటనల నమోదు 2012 నుంచి 2021 మధ్య 530 శాతం పెరిగింది.

లోపలి గడియారమే తలకిందులైన అరుదైన స్థితి స్మిత్-మెజెనిస్ సిండ్రోమ్. ఇందులో మెలటోనిన్ పగలు ఎక్కువగా, రాత్రి తక్కువగా స్రవిస్తుంది. పగటి స్రావాన్ని అణచడానికి ఉదయం ఎసిబ్యుటొలాల్ అనే రక్తపోటు మందు, రాత్రి మెలటోనిన్ ఇచ్చే పద్ధతిని ఫ్రాన్స్ పరిశోధకులు ప్రయత్నించి మంచి ఫలితం చూశారు. మెలటోనిన్ గ్రాహకాల మీద పనిచేసే టాసిమెల్టియాన్‌ను 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రత్యేకంగా ఈ రుగ్మతలోని రాత్రి నిద్ర సమస్యకు అనుమతించింది. కారణం తెలిసిన చోట మందు ఎంత గురిగా ఉండగలదో చెప్పడానికి ఇది మంచి నిదర్శనం.

మెలటోనిన్ దాటాక మిగిలినవి ఎక్కువగా వేరే పనికి పుట్టి నిద్రకు అరువు తెచ్చుకున్న మందులే. పిల్లల్లో సాధారణ నిద్రలేమికి అమెరికా నియంత్రణ సంస్థ ఆమోదించిన మందు ఒక్కటీ లేదు. క్లోనిడిన్ మొదట రక్తపోటు మందు. త్వరగా మగత తెస్తుంది కాబట్టి అతి చురుకుదనం, ఆటిజం ఉన్న పిల్లల్లో విరివిగా వాడతారు, కండరాల మెలికలు ఉన్నవారికి ఇది రెండు విధాలా పనికివస్తుంది. దీనిలోని చిక్కు ఆపడంలో ఉంది. ఉన్నట్టుండి మానేస్తే రక్తపోటు ఎగసిపోతుంది. వాంతులతో రెండు రోజులు మందు నిలవని పిల్లకు ఏమి చేయాలో ముందే రాసి ఇవ్వని చీటీని అసంపూర్ణమనే చెప్పాలి. చిన్న పిల్లలు పొరపాటున కొద్దిగా మింగినా గుండె వేగం, శ్వాస ప్రమాదకరంగా పడిపోతాయి.

మూర్ఛకు, నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్‌కు నిద్రమందుగా ఆధారాలు తక్కువే అయినా నొప్పి, కాళ్ల అశాంతి, ఎంతకీ ఆగని ఏడుపు కలిసి ఉన్న తీవ్ర వైకల్యం గల పిల్లల్లో వైద్యులు దీనివైపు మొగ్గుతారు. అక్కడ అది నిద్రను తెప్పించడం కంటే నిద్రను చెడగొడుతున్న దాన్ని తగ్గిస్తుందని చెప్పడం సరైనది. శ్వాస బలహీనంగా ఉన్నవారిలో, మార్ఫిన్ తరహా మందులు వాడేవారిలో ఇది ఊపిరిని మందగింపజేయవచ్చని 2019లో అమెరికా నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

క్లోనజెపామ్, నైట్రజెపామ్ వంటి బెంజోడయజిపీన్లు మూర్ఛకు విలువైన మందులే, కొన్ని రకాల నిద్ర కలవరాలకు కూడా పనికివస్తాయి. కానీ సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలో ఇవి గొంతు కండరాలను సడలించి, చొంగను పెంచుతాయి. మింగడం సరిగా రాని పిల్లలో ఆ చొంగ ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియాకు దారితీస్తుంది. వారాల తరబడి వాడితే అలవాటు పడటం, ఆపితే మూర్ఛలు తిరగబెట్టడం వేరే సంగతి. ప్రోమెథజీన్ వంటి జలుబు, అలర్జీ మందులు సులభంగా దొరుకుతాయి కనుకే ఎక్కువగా దుర్వినియోగమవుతాయి. కొద్ది రోజుల్లోనే వాటి మత్తు పనిచేయడం మానేస్తుంది, కొందరు పిల్లలు మత్తుకు బదులు రెచ్చిపోతారు, మలబద్ధకం పెరుగుతుంది. రెండేళ్ల లోపు పిల్లల్లో శ్వాస ఆగే ప్రమాదం ఉందని ప్రోమెథజీన్ మీద 2004 నుంచీ కఠిన హెచ్చరిక ఉంది. పెద్దల నిద్రమాత్ర జోల్పిడెమ్‌ను అతి చురుకుదనం ఉన్న 201 మంది పిల్లల మీద పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. నిద్ర త్వరగా పట్టలేదు సరికదా, కొందరికి భ్రాంతులు వచ్చాయి. మానసిక రుగ్మతలకు వాడే రిస్పెరిడోన్‌ను కేవలం నిద్ర కోసం వాడటానికి సమర్థన లేదు. దానితో వచ్చే బరువు నిద్రలో శ్వాసను మరింత ఇబ్బంది పెడుతుంది.

క్లోరల్ హైడ్రేట్ 1869 నుంచి వాడుకలో ఉన్న పాత మత్తుమందు. పిల్లల వార్డుల్లో పరీక్షల ముందు నిద్రపుచ్చడానికి దీన్నీ, దీని బంధువు ట్రైక్లోఫాస్‌నూ తరతరాలుగా వాడారు. ఆ ఒక్కపూట వాడకం వేరు, ఇంట్లో ప్రతి రాత్రీ వాడటం వేరు. నాడీ వికాస లోపం ఉన్న పిల్లలో నిద్రలేమి రోజువారీ జీవితాన్ని తీవ్రంగా దెబ్బతీస్తూ, మిగతా చికిత్సలన్నీ విఫలమైనప్పుడు మాత్రమే, అదీ గరిష్ఠంగా రెండు వారాల పాటే దీన్ని వాడాలని 2021లో బ్రిటన్ నియంత్రణ సంస్థ పరిమితి విధించింది.

గొట్టం ద్వారా ఆహారం తీసుకునే పిల్లల విషయంలో మందు ఎంపికలాగే మందు రూపం కూడా లెక్కలోకి వస్తుంది. నెమ్మదిగా కరిగే మాత్రలు గొట్టానికి పనికిరావు. నూరిన పొడి సన్నని గొట్టంలో గడ్డకట్టి అడ్డుపడితే ఆ రాత్రి ఆహారమూ ఆగిపోతుంది, మూర్ఛ మందూ ఆగిపోతుంది. ద్రవరూపంలో కొన్నిటిలో ప్రొపిలీన్ గ్లైకాల్, సార్బిటాల్, ఆల్కహాల్ వంటివి కలిసి ఉంటాయి. ఒకే పిల్ల అయిదారు ద్రవ మందులు తీసుకుంటున్నప్పుడు వాటన్నిటిలోనివి కలిపి లెక్కించాలి. మూర్ఛల కోసం కీటోజెనిక్ ఆహారం (కొవ్వు ఎక్కువ, పిండిపదార్థాలు బాగా తక్కువ) మీద ఉన్న పిల్లకు తీపి సిరప్‌లోని చక్కెరే ఆ ఆహార నియమాన్ని భంగపరుస్తుంది. ఈ ప్రశ్నలకు వైద్యుడి కంటే ఫార్మసిస్టు దగ్గర మెరుగైన జవాబు దొరకడం తరచుగా జరిగేదే.

మందు ఇచ్చి చూడటం కూడా ఒక పద్ధతిగా సాగాలి. మొదలుపెట్టే ముందు రెండు వారాల పాటు డైరీ రాస్తే, పడుకోబెట్టిన వేళ, నిద్రపట్టిన వేళ, మెలకువలు, లేచిన వేళ, పగటి కునుకు అన్నీ కాగితం మీదికి వస్తాయి. నిద్రపోవడానికి గంటన్నర పడుతోందా, లేక రాత్రికి నాలుగుసార్లు లేస్తోందా అన్నదాన్ని బట్టి లక్ష్యం ఒకటి నిర్ణయించుకోవాలి. పిల్ల ఎనిమిదింటికే పడుకోవాలన్నది కొన్నిసార్లు ఇంటి అవసరం, పిల్ల శరీరం అడిగేది కాదు. ఏంజెల్‌మన్ సిండ్రోమ్‌లోనైతే పిల్లలకు తక్కువ నిద్రే చాలునని కూడా భావిస్తారు. బ్రిటిష్ పరిశోధనలో మందు మొదలుపెట్టే ముందు కుటుంబాలకు నిద్ర అలవాట్ల పుస్తకం ఇచ్చి నాలుగు నుంచి ఆరు వారాలు వేచిచూడటం ఇందుకే. ఆటిజం పిల్లల నిద్రలేమికి ముందు అలవాట్ల చికిత్స, అది చాలకపోతే మెలటోనిన్ అని 2020లో అమెరికా నాడీవైద్యుల సంఘం కూడా ఇదే వరసను సూచించింది. అలాగని ఆ వరసను బండగా పట్టుకోవడమూ సరికాదు. రాత్రంతా గొట్టం, ఆక్సిజన్, మూర్ఛ చూసుకుంటూ ఏళ్లుగా సరైన నిద్ర లేని తల్లిని మరో ఆరు వారాలు డైరీ రాసి రమ్మనడం ఆచరణలో నిరాకరణతో సమానం. అలాంటి ఇంట్లో వారానికి రెండు రాత్రులు మరొకరు పిల్లను చూసుకునే ఏర్పాటు ఏ మాత్ర కంటేనైనా ఎక్కువ మేలు చేస్తుంది. అది దొరకనప్పుడు, తల్లి నిద్ర కోసం మందును కాస్త ముందుగా మొదలుపెట్టడంలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు.

మందు పనిచేస్తున్నా మూడు నెలలకోసారి సమీక్ష, ఏడాదికోసారి కొన్నాళ్లు ఆపి చూడటం అవసరం. క్లోనిడిన్, బెంజోడయజిపీన్లను వారాల మీద తగ్గించుకుంటూ రావాలి; మెలటోనిన్‌ను నేరుగా ఆపవచ్చు, మొదటి కొన్ని రాత్రులు అటూ ఇటూ అయినా కంగారుపడనక్కర్లేదు. ఆపినా నిద్ర అలాగే నిలిస్తే ఆ మందుతో పని తీరినట్టే. కొందరికి మాత్రం ఏళ్ల తరబడి అవసరమవుతుంది. నెమ్మదిగా కరిగే మెలటోనిన్‌ను రెండేళ్ల పాటు వాడిన పిల్లల్లో ఎత్తు, బరువు, యౌవన వికాసం మీద చెడు ప్రభావం కనిపించలేదని 2021లో ప్రచురితమైన అనుసరణ అధ్యయనం తెలిపింది. యౌవనంలో లోపలి గడియారం సహజంగానే ఆలస్యం వైపు జరుగుతుంది కాబట్టి పదేళ్ల వయసులో సరిపోయిన మందు వేళ పదిహేనేళ్లకు సరిపోకపోవచ్చు. పిల్లల అనుమతి 18 ఏళ్లతో ముగుస్తుంది. ఆ వయసు దాటే లోపు పెద్దల వైద్యుడికి ఫైలు అప్పగించేటప్పుడు, ఈ మందు ఎందుకు మొదలైంది, ఆపి చూసినప్పుడు ఏమైంది అన్న రెండు వాక్యాలు అందులో లేకపోతే, కొత్త వైద్యుడు కారణం తెలియక దాన్ని కొనసాగించడమో కారణం తెలియకే ఆపేయడమో జరుగుతుంది.